మన ఫోటోలు మనకీ చూపించాలి

ఈసారి గోడపత్రికకి కవితలు ఎక్కువైపోయాయి, ఎవరైనా ఒక అభిప్రాయం రాయండి అని తెలుగు మేడమ్ అడిగారు. అందుకని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడిలో ఫోన్ తో ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం మానేయక్కర్లేదు. కాని ఇప్పుడు తీస్తున్న పద్ధతి బాగోలేదు. మనల్ని తీస్తున్నారు గాని, మన చదువుకి తీయడం లేదు.

మొన్న ఒక రోజు లెక్కపెట్టాను. ప్రార్థన దగ్గర ఒకటి. రాగిజావ గ్లాసులు పట్టుకుని ఒకటి. మధ్యాహ్నం గుడ్డు కనపడేలాగ కంచాలు ముందుకి పెట్టమని రెండు. మరుగుదొడ్లు కడిగాక మనుషులు లేకుండా మూడు. సాయంత్రం ఆటలకి ఒకటి, స్టడీ అవర్ లో తల దించుకుని రాస్తున్నట్టు ఒకటి. మొత్తం తొమ్మిది. అన్నం చల్లారిపోతాది, ఫోటో అయ్యేదాకా ముట్టకూడదు. ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడా మనం చూడలేదు. అవి ఎక్కడికి పోతాయి, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు? నేను చాలామందిని అడిగాను. అందరూ "పైకి" అన్నారు. పైకి అంటే మాకు తెలిసింది మహేంద్రగిరి ఒక్కటే.

సార్లని, మేడమ్ లని తప్పు పట్టి రాయడం లేదు. వాళ్లని పైవాళ్లు అడుగుతారు. ఫోటో పెట్టకపోతే పిల్లలకి అన్నం పెట్టనట్టే లెక్కట. వాళ్ల సొంత ఫోన్, వాళ్ల సొంత డబ్బులతో వేయించిన నెట్. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లు ఫోన్ లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలని పెట్టినప్పుడు టీచర్ల సంఘాలు ఒప్పుకోలేదు. మా ముఖం ఫోటో మా ఫోన్ లో ఎందుకు తీసుకోవాలి, అది ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే ప్రశ్న మేము అడిగితే మాత్రం "చిన్నపిల్లలు, మీకెందుకు" అంటారు. టీచర్లకి ముఖం ఉన్నట్టే మాకూ ఉంది కదా.

ఇప్పుడు రాసేది ఒక అమ్మాయి ఒప్పుకున్నాకనే రాస్తున్నాను. ఆమె పేరు, తరగతి, ఊరు రాయను. కనిపెట్టడానికి ప్రయత్నం చేయొద్దు. చలికాలంలో కొంతమందికి గజ్జి వచ్చింది. వరసగా నిలబెట్టి మందు రాస్తున్నప్పుడు బయట నుంచి వచ్చినవాళ్లు ఎవరో ఫోటో తీశారు. సేవ చేస్తున్నట్టు చూపించుకోవడానికి తీశారు. అది ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పోయి, పదిరోజుల్లో ఆమె ఊరు చేరింది. ఆమె ఊరికి బస్సు లేదు. జ్వరమొస్తే డోలీ కట్టి దించాలి. సిగ్నల్ కూడా చింతచెట్టు దగ్గర నిలబడితేనే వస్తాది. అలాంటి ఊరికి మందు చేరడానికి రెండు రోజులు పడతాది గాని ఆ ఫోటో చేరిపోయింది. సెలవులకి వెళ్తే కుర్రాళ్లు చెయ్యి గోకుతున్నట్టు చేసి నవ్వారట. గజ్జి వారంలో తగ్గిపోయింది. ఫోటోలో ఇంకా తగ్గలేదు.

ఫోటో అంటే ఇంతేనా అంటే కాదు. అందుకే మానేయక్కర్లేదు అన్నాను.

మా ఇంట్లో ఒకే ఒక్క ఫోటో ఉండేది. మాయమ్మ, నాన్న పెళ్లయిన కొత్తలో కాశీబుగ్గ స్టూడియోలో తీయించుకున్నది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నాకు ఏడేళ్లు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు పడిపోయాయి, మా కొండ మీద రేకులు ఎగిరిపోయాయి. ఆ ఫోటో తడిసి, గాజుకి అతుక్కుపోయి, తీస్తే ముఖాలు ఊడిపోయాయి. ఇప్పుడు పెళ్లినాటి అమ్మ ఎలా ఉండేదో నాకు గుర్తు తప్ప ఆధారం లేదు. అదే ఫోటో ఇంకో రెండు చోట్ల ఉండుంటే దొరికేది. ఒక చోటే ఉన్న వస్తువుని వాన ఒక్కసారే పట్టుకుపోతాది. పది మంది దగ్గర ఉన్నదాన్ని పట్టుకుపోలేదు. ఆన్ లైన్ లో ఉంచడంలో ఉన్న మంచి అది. గజ్జి ఫోటోలో ఉన్న చెడ్డ కూడా అదే. పది చోట్ల ఉన్నదాన్ని మనం కూడా తీసేయలేం.

మాయమ్మ గురించి ఇంకొకటి. క్రిందటేడు సైన్స్ ఫెయిర్ లో నేను మాట్లాడుతున్న ఫోటో మా ఊరి ఆశా అక్క ఫోన్ కి వచ్చింది. సంతలో కొండచీపుర్లు అమ్ముతున్న మాయమ్మకి ఆమె చూపించింది. అమ్మ చదువుకోలేదు. ఫోటో కింద ఏం రాశారో చదవలేదు. కాని మైకు పట్టుకున్నది నేనే అని తెలుసుకుంది. చీపుర్లు కొనడానికి వచ్చినవాళ్లందరికీ చూపించమని ఆశా అక్కని సంతలోనే కూర్చోబెట్టిందట. మూడు నెలలకి ఒకసారి చూసే కూతురు ఎలా ఉందో చూడాలని ఏ తల్లికి ఉండదు? గుడ్డు ఫోటో పైకి పోతాది. మైకు ఫోటో ఇంటికి వచ్చింది. రెండూ ఒకే ఫోన్ తో తీసినవే.

కంప్యూటర్ పీరియడ్ లో మేడమ్ ఒకసారి "సవర" అని కొట్టి బొమ్మలు చూపించారు. అన్నీ ముసలమ్మలే. చెవులకి పెద్ద రంధ్రాలు, ముఖం మీద పచ్చబొట్లు, డప్పు, డాన్సు. మా మామ్మ కూడా అలాగే ఉంటాది, అందులో సిగ్గు లేదు. కాని అంత వెతికినా పుస్తకం పట్టుకున్న సవర పిల్ల ఒక్కతె కనపడలేదు. ఆ ముసలమ్మల పేర్లు కూడా లేవు. "గిరిజన మహిళ" అని ఉంది. తీసినవాడి పేరు మాత్రం అడుగున ఉంది. తర్వాత "ఉద్దానం" అని కొట్టాం. ఉద్దానం అంటే ఉద్యానవనం నుంచి వచ్చిన మాట అంటారు. కొబ్బరి, జీడి, పనస, మునగ, సముద్రం గాలి. ఫోన్ లో మాత్రం మంచాల మీద కిడ్నీ రోగులు, చేతికి గొట్టాలు. రోగం ఉన్నది నిజమే. ఆ ఫోటోలు బయటికి వెళ్లడం వల్ల కూడా కొంత మేలు జరిగి ఉంటుంది. 2023 డిసెంబర్ లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్ల పథకం వచ్చింది. ఫోటో వద్దు అంటే ఈ సంగతి మరిచిపోయినట్టు అవుతుంది. కాని మంచం మీది మనిషిని "తీయనా?" అని ఎంతమంది అడిగి ఉంటారు?

మనవాళ్ల ఫోటోలు బయటివాళ్లు తీసుకెళ్లడం ఫోన్ వచ్చాక మొదలవలేదు. హైమన్‌డార్ఫ్ అనే ఆయన 1940ల్లో ఆదిలాబాద్ జిల్లా మర్లవాయిలో గోండుల మధ్య ఉండి, చెంచులని, కొండరెడ్లని, గోండులని ఎన్నో ఫోటోలు తీశారు. అవి ఇప్పుడు లండన్ లోని ఒక విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర ఉన్నాయి. నెట్ లో చూడొచ్చు. ఆయన తీసి ఊరుకోలేదు. మర్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ పెట్టించారు, బడులు తెరిపించారు. ఆయన భార్య సమాధి కూడా అక్కడే ఉంది. మన వైపు గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి, ఒక సవరాయన్ని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఫోటోకి ఒక్క క్షణం చాలు. భాషకి ఏళ్లు పట్టింది. నన్నడిగితే పంతులు గారే ఎక్కువ కష్టపడ్డారు. ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేస్తాం గాని సవర మాట ఒకటి కూడా ఆ రోజు ఎవరూ మాట్లాడరు. (ఇది వేరే సంగతి. ఇంకోసారి రాస్తాను.)

అసలు బొమ్మ వేసే ముందు అడగడం మనవాళ్లకి కొత్త కాదు. సవర ఇళ్లల్లో గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీళ్లతో బొమ్మలు వేస్తారు కదా. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. మనుషులు, ఏనుగులు, నెమళ్లు, ఈ కాలంలో సైకిలు, విమానం కూడా వేస్తారు. ఆ బొమ్మ ఎవరి పేరు మీద వేస్తున్నారో వాళ్లని, అంటే చనిపోయిన పెద్దల్ని, దేవతల్ని పిలిచి చూపిస్తారు. నచ్చిందా, ఇంకా ఏమైనా కావాలా అని పూజారి ద్వారా అడుగుతారు. వాళ్లు ఇక్కడ గుర్రం లేదు, అక్కడ గొడుగు లేదు అంటే మళ్లీ వేస్తారు. వెరియర్ ఎల్విన్ అనే ఆయన 1955లో సవరల మీద వేసిన పెద్ద పుస్తకంలో కూడా ఇది రాశారని సోషల్ సార్ చెప్పారు. మా ఊర్లో ఇప్పుడు సగంమంది చర్చికి వెళ్తారు, బొమ్మలు వేసే ఇళ్లు తగ్గిపోయాయి. అయినా చూడండి, చనిపోయినవాళ్లని కూడా అడిగి బొమ్మ సరిచేసేవాళ్లు. బతికున్న గుంటల్ని అడగడానికి ఏం అడ్డం?

2023లో మన దేశంలో డిజిటల్ సమాచారం మీద ఒక చట్టం చేశారు. 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకోవాలని అందులో ఉంది. వినడానికి బాగుంది. కాని మాయమ్మ వేలిముద్ర వేస్తుంది. బడి నుంచి కాగితం వస్తే అది స్కాలర్‌షిప్ కాగితమో, రేషన్ కాగితమో, ఫోటో ఒప్పుదల కాగితమో ఆమెకి ఒక్కటే. వేలు ఎక్కడ పెట్టాలమ్మా అని అడుగుతాది. అది ఒప్పుదల అవుతాదా? అవ్వాలంటే సవరలో చదివి వినిపించాలి, వద్దనడానికి కూడా వీలుందని చెప్పాలి. వద్దంటే నీ కూతురికి సీటు పోదు అని కూడా చెప్పాలి. చివరిది చెప్పకపోతే మా కొండ మీద ఎవరూ వద్దనరు.

ఇప్పుడు పాఠం సంగతికి వస్తాను. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

2004లో ఫ్లికర్ అని ఒకటి నెట్ లో మొదలైంది. అందరూ తీసిన ఫోటోలు అందులో పెట్టుకునేవాళ్లు. ఫోటో మీద ఎక్కడ కావాలంటే అక్కడ చిన్న గడి గీసి, ఆ గడిలో మాట రాసే వీలు అందులో ఉండేది. విదేశాల్లో కొంతమంది టీచర్లు దాన్ని పాఠాలకి వాడారు. ఒక పువ్వు ఫోటో పెట్టి, పిల్లలచేత ఇది కేసరం, ఇది అండాశయం అని గడులు గీయించడం లాంటివి. ఇది విన్నాక నాకు అనిపించింది, మన తరగతిలో 34 మందిమి ఉన్నాం. మందస కొండల వాళ్లం ఉన్నాం, మెళియాపుట్టి వైపు వాళ్లు, పాతపట్నం వైపు వాళ్లు ఉన్నారు. ఒకే ఆకుని మేము ఒకటంటాం, వాళ్లు ఇంకొకటి అంటారు, సైన్స్ పుస్తకం మూడోది అంటుంది. దసరా సెలవులకి వెళ్లినప్పుడు ఒక్కొక్కరు ఐదు ఆకులు, ఐదు పనిముట్లు ఎవరి ఫోన్ తోనైనా ఫోటో తీయించి బడి ఫోన్ కి పంపితే 340 ఫోటోలు అవుతాయి. ప్రింటు తీసి చార్టుకి అంటించి గడులు గీస్తే, సవర పేరు, తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు మూడూ రాయొచ్చు. 2004 తర్వాత కొన్ని బడుల్లో చిన్న తరగతులకి సవరలో తెలుగు లిపితో పుస్తకాలు వేశారు. ఆ పుస్తకంలో లేని మాటలు మా మామ్మ దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆమె పోతే పోతాయి.

రెండోది పక్షులు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తారు, బోర్డుల మీద, పేపర్లో కూడా అలాగే ఉంటుంది. కాని ఆ పక్షులు ఇక్కడి చింతచెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. దూరదేశం నుంచి చలికి పారిపోయి వచ్చే పక్షులు వాటి ఊళ్లోనే పిల్లల్ని చేస్తాయి, మన దగ్గరకి తిండికి వస్తాయి అని సైన్స్ సార్ చెప్పారు. మరి ఇవి? ఈ రెండు రకాలూ మన దేశంలోనే ఉండేవని పక్షుల పుస్తకంలో ఉంది. ఫోన్ తో తీసిన ఫోటోలో తీసిన తారీఖు, గంట, ఒక్కోసారి తీసిన చోటు కూడా లోపల రాసి ఉంటాయి. కంటికి కనపడవు, వివరాలు నొక్కితే వస్తాయి. టెక్కలి వైపు పిల్లలు వారానికి ఒక ఫోటో తీసి పెడితే, మొదటి గూడు ఎప్పుడు కట్టింది, పిల్లలు ఎప్పుడు ఎగిరాయి మనమే చెప్పగలం. పేపరువాళ్లని అడగక్కర్లేదు. ఆ తారీఖూ చోటూ మనుషుల ఫోటోలో కూడా ఉంటాయని మాత్రం మరిచిపోకూడదు. అమ్మాయి ఎక్కడ ఉంటుందో దానికి తెలుసు.

అక్కలు కొంతమంది ఇది చదివి "అయితే మాకు ఫోన్లు ఇప్పించు" అంటారు. నేను ఆ మాట అనడం లేదు. 2023 ఆగస్టులో ప్రభుత్వం తరగతి గదిలోకి ఫోన్లు వద్దంది. అది తప్పు అనుకోను. 2022, 2023 డిసెంబర్లలో ఎనిమిదో తరగతి వాళ్లకి ప్రభుత్వం ట్యాబులు ఇచ్చింది. మా పైబ్యాచి అక్కల ట్యాబులు నేను చూశాను. పాఠాలు ఉన్నాయి, మంచివే. సెల్ఫీలు కూడా ఉన్నాయి, పాఠాల కంటే ఎక్కువే ఉన్నాయి. చేతికో ఫోన్ ఉంటే మేము కూడా వేరే అమ్మాయి నిద్రపోతుంటే నోరు తెరిచిన ఫోటో తీసి నవ్వుకుంటాం. బయటివాళ్లు గజ్జి ఫోటో తీసినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాబట్టి అందరికీ ఒకటే ఫోన్, అది ఆఫీసులో ఉండాలి, వారానికి ఒక పీరియడ్ మాత్రం టీచర్ ఉండగా బయటికి రావాలి అని నా ఉద్దేశం.

వార్డెన్ మేడమ్ గారు ఒకటి అనొచ్చు: "ప్రతి పిల్లనీ అడుగుతూ కూర్చుంటే నాకు పని ఎప్పుడు అవుతాది? పైకి ఏం పంపను?" మేడమ్ గారికి నిజంగా తీరిక లేదు. రాత్రి పదకొండుకి కూడా ఆఫీసులో లైటు వెలుగుతుంటుంది. అందుకని కష్టం లేనిది చెప్తున్నాను. అన్నం ఫోటో అయితే కంచాలు తీయండి, ముఖాలు వద్దు. గుడ్డుకి మా ముఖం అక్కర్లేదు. పాఠం ఫోటో అయితే వెనక నుంచి తీయండి, బోర్డు కూడా కనపడతాది. స్నానాల దగ్గర, మందు రాసేటప్పుడు, ఎవరైనా ఏడుస్తున్నప్పుడు, నెలసరి న్యాప్‌కిన్లు పంచేటప్పుడు అసలు వద్దు. దుప్పట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఒక పిల్లకి ఒక దుప్పటి ఇచ్చి ఐదుగురు పట్టుకుని తీయించుకుంటారు. అప్పుడు మేడమ్ గారే అడ్డం చెప్పాలి, మేం చెప్పలేం. దుప్పటి వెనక్కి తీసేసుకుంటారేమో అని భయం.

చెల్లెళ్లు, మీరు కూడా ఫోటో అనగానే ముందుకి ఎగబడకండి. ఎగబడి, తర్వాత ఏడవకండి. ఇష్టం లేకపోతే పక్కకి జరగొచ్చు. అలా జరిగినవాళ్లని "పొగరు" అనొద్దు.

కార్తీకం అయ్యాక తొమ్మిదో తరగతిని తేలినీలాపురం తీసుకెళ్తానని సైన్స్ సార్ మాటిచ్చారు. ఆ రోజు ఆఫీసు ఫోన్ ఒక పూట మా చేతికి ఇవ్వమని వార్డెన్ మేడమ్ గారిని కోరుతున్నాం. ఎవరు తీయాలో మేమే చీటీలు వేసుకుంటాం. పక్షుల్ని అడగలేం, వాటికి దూరంగా ఉండి తీస్తాం. ఊరివాళ్లు ఫోటోలో పడితే అక్కడే వాళ్లకి చూపించి, వద్దంటే వాళ్ల ముందే తీసేస్తాం. మిగిలినవి ప్రింటు తీసి ఇదే గోడ మీద పెడతాం.

ఈ కాగితం అడుగున జానెడు ఖాళీ వదిలాను. నా మాట ఒప్పుకోనివాళ్లు, టీచర్లయినా సరే, అక్కడ రాయండి. పెన్సిల్ తో రాయండి, పెన్ను అయితే చార్టు అవతలికి దిగిపోతాది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని